దాళ్వా వంతులు, గంగా జలాలు: ఐఆర్ నాకు ఒంటబట్టిన తీరు

మొదట రెండుసార్లు సివిల్స్ మెయిన్స్ రాసి రెండుసార్లూ అక్కడే ఆగిపోయాను. మార్కుల షీటు చూసుకుంటే రెండుసార్లూ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపరు) దగ్గరే దెబ్బ పడింది. మొదటిసారి 84, రెండోసారి 87. 250కి ఆ మార్కులొస్తే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం ఉండదు. రాజ్యాంగం, పరిపాలన ప్రశ్నలు ఓ మోస్తరుగా రాస్తానని నాకు తెలుసు. పోయిందల్లా అంతర్జాతీయ సంబంధాల ప్రశ్నల్లోనే, మన భాషలో ఐఆర్.

ఈ మధ్య హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాల్లో ఇద్దరు ముగ్గురు జూనియర్లు "అక్కా, ఐఆర్‌కి ఏ మెటీరియల్ చదవాలి?" అని అడిగారు. ఓ మెటీరియల్ పేరు చెప్పి ఊరుకుంటే నేను చేసిన తప్పే వాళ్లతోనూ చేయించినట్టవుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ముందే చెప్తున్నా, నాకింకా ర్యాంకు రాలేదు. 2024 నోటిఫికేషన్‌లో ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చాను. 2025 ఆగస్టులో మళ్లీ మెయిన్స్ రాశాను, ఇది రాసేనాటికి ఫలితం రాలేదు. ర్యాంకర్ల మాటే వినాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఆప్షనల్ తెలుగు సాహిత్యం, మెయిన్స్ జవాబులు కూడా తెలుగులోనే. ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఇందులో తిప్పలేంటో తెలుగులో రాసేవాళ్లకే తెలుస్తుంది. మొదటి మెయిన్స్‌లో ఆకస్ కూటమి (ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా) మీద ప్రశ్న వచ్చింది. అందులో గల్వాన్ ప్రస్తావన తెచ్చి, జవాబంతా 'నియంత్రణ రేఖ' అని రాసి వచ్చాను. అది పాకిస్తాన్‌తో ఉన్న రేఖ. చైనాతో ఉన్నది వాస్తవాధీన రేఖ. హాల్ బయటికొచ్చి టీ తాగుతుంటే గుర్తొచ్చింది. చిన్న పొరపాటేలే అని సర్దిచెప్పుకున్నాను కానీ అది చిన్నది కాదు. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత రెండు సైన్యాలూ కూర్చుని, మ్యాపుల మీద సంతకాలు పెట్టి ఖరారు చేసుకున్నది నియంత్రణ రేఖ. వాస్తవాధీన రేఖకి అలా ఇద్దరూ ఒప్పుకున్న మ్యాపు లేనే లేదు. మనం 3,488 కిలోమీటర్లంటాం, చైనా అంతకంటే చాలా తక్కువ అంటుంది. గల్వాన్‌లాంటివి జరగడానికి మూలం అక్కడే ఉంది. ఆ ఒక్క మాట తప్పు రాస్తే, సమస్య నాకు తెలియదని నేనే దిద్దేవాళ్లకి చెప్పినట్టు.

అప్పట్లో నా నోట్సు దేశానికో పేజీ. ప్రతి పేజీలోనూ అవే ఐదు గళ్లు: చరిత్ర, వాణిజ్యం, రక్షణ, సమస్యలు, ముందున్న దారి. నేపాల్ పేజీ మీద నేపాల్ అన్న పేరు చెరిపేసి మయన్మార్ అని రాసినా సగం వాక్యాలు అతికిపోయేవి. ఇక 'ముందున్న దారి' దగ్గరైతే అన్ని దేశాలకీ ఒకటే మంత్రం: ఇరు దేశాలు పరస్పర విశ్వాసంతో, చర్చల ద్వారా సమస్యలను పరిష్కరించుకోవాలి. దిద్దేవాళ్లు ఈ వాక్యం రోజుకి ఎన్నిసార్లు చదువుతారో పాపం.

ఆ నోట్సుతోనే 2022 సెప్టెంబర్‌లో రెండో మెయిన్స్ రాశాను. శ్రీలంక మీద ప్రశ్న. భారత్ శ్రీలంకకి అనాదిగా మిత్రదేశం అన్న మాట ఇచ్చి, దాని వెలుగులో ఇటీవలి సంక్షోభంలో భారత్ పాత్ర చర్చించమన్నారు. 10 మార్కులు, 150 మాటలు, ఏడు నిమిషాలు. చదవగానే సంతోషపడిపోయాను, శ్రీలంక పేజీ నాకు నోటికొచ్చు. మహేంద్రుడు, సంఘమిత్ర, బోధివృక్షం కొమ్మతో మొదలుపెట్టాను. 1964 శాస్త్రి-సిరిమావో ఒప్పందం, 1974 కచ్చతీవు, 1987 ఒప్పందం, శాంతి సేన. అక్కడికి ముప్పావు పేజీ నిండింది, ఆరు నిమిషాలు అయిపోయాయి. సంక్షోభం గురించి ఆఖర్న ఒకే ఒక్క వాక్యం: "భారత్ ఆర్థికంగా ఆదుకుంది."

సరుకు నా దగ్గర లేక కాదు. దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం, అందులో ఇంధనం కొనుక్కోవడానికి 50 కోట్ల డాలర్ల రుణం, తిండిగింజలు, మందులకి 100 కోట్లు, 65,000 టన్నుల యూరియా, అన్నీ పేపర్ కటింగుల్లో ఉన్నాయి. ఇంకో కటింగ్ కూడా ఉంది. పరీక్షకి సరిగ్గా నెల ముందు, ఆగస్టు 16న, ఉపగ్రహాలని, క్షిపణుల్ని కనిపెట్టే చైనా నౌక యువాన్ వాంగ్-5 శ్రీలంకలోని హంబన్‌టోట రేవుకొచ్చింది. మనం వద్దన్నా శ్రీలంక రానిచ్చింది. ఇంత సాయం చేసిన పొరుగువాడి మాట కాదని ఆ నౌకని ఎందుకు రానిచ్చింది? ప్రశ్నలోని అసలు ముడి అదే. అశోకుడి దగ్గర మొదలుపెట్టినందుకు అక్కడిదాకా చేరనేలేదు.

డిసెంబర్‌లో ఫలితం వచ్చింది, నా నంబరు లేదు. హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయాను. ఇంట్లోనే ఉండి ప్రిలిమ్స్‌కి చదువుకుందామని. ఐఆర్ నాకు అర్థమవడం మొదలైంది అక్కడే. ఏ పుస్తకంలోనూ కాదు, కాలువ గట్టు మీద.

మాది గోదావరి పశ్చిమ డెల్టాలో శివారు భూమి. మూడెకరాలుంటే సగం వరి, సగం రొయ్యల చెరువు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఇబ్బంది లేదు. దాళ్వాకే, అంటే రెండో పంటకే, గొడవంతా. ఫిబ్రవరి దాటాక కాలువలో నీళ్లు తగ్గిపోతాయి, వంతులు పెడతారు. ఇన్ని రోజులు పైవాళ్లకి, ఇన్ని రోజులు కిందవాళ్లకి. మా వంతు రోజు నాన్న తెల్లారుజామున మూడింటికి టార్చిలైటు పట్టుకుని వెళ్లేవారు. వెళ్లేసరికి పైనెవరో తూము సగం ఎత్తేసి ఉంచేవారు. కాలువ చూసుకునే లస్కరుకి ఫోన్లు, నీటి సంఘం దగ్గర పంచాయితీ. పై ఊరి మావయ్య ఒకాయన ఉన్నారు, వరసకి నాన్నకి బావమరిది. మా నాన్న లెక్క ప్రకారం మా నీళ్లన్నీ ఆయనే తోడేస్తున్నారు.

ఓ రోజు నేనే ఆయన దగ్గరికెళ్లి అడిగాను, "ఏంటి మావయ్యా, మా వంతులో కూడా మీరే పెట్టేసుకుంటే ఎలా?" అని. ఆయనకి కోపం రాలేదు. వేలు మడుస్తూ లెక్క చెప్పారు. "మీ నాన్నకి పక్కన మురుగు కాలువుంది, ఇంజను పెట్టి తోడుకుంటాడు. నాకేదమ్మా ఆ వీలు? నాది మెరక. నీళ్లు నా ముందు నుంచే పోతాయి, కానీ నా చేలోకి ఎక్కవు. వంతు లెక్క వేసేటప్పుడు ఆ మెరక ఎవడన్నా చూశాడా?" నాన్న ఇన్నేళ్లలో ఆ మెరక సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయనకి తెలియక కాదు, ఆయన లెక్కలో అది లేదు, అంతే.

ఆ రాత్రి బంగ్లాదేశ్‌తో 1996లో కుదిరిన గంగా జలాల ఒప్పందం తీశాను. అప్పటిదాకా నా నోట్సులో అది ఒక్క లైను: '1996 డిసెంబర్ 12, దేవెగౌడ-షేక్ హసీనా, 30 ఏళ్లు.' ఈసారి మొత్తం పాఠం విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో తెరిచి చదివాను. కొన్ని పేజీలే. చదువుతుంటే నవ్వొచ్చింది, అచ్చం మా నీటి సంఘం తీర్మానంలా ఉంది. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకో లెక్క. గంగ మీద మన బ్యారేజీ ఉన్న ఫరక్కా దగ్గర నీళ్లు 70,000 క్యూసెక్కులు, అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం. 70 నుంచి 75 వేల మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కి 35,000, మిగతాది మనకి. 75 వేలు దాటితే మనకి 40,000, మిగతాది వాళ్లకి. మరీ ఎద్దడిగా ఉండే మార్చి 11 నుంచి మే 10 దాకా పది రోజులు నీకు, పది రోజులు నాకు గ్యారంటీగా 35,000. దాళ్వా వంతులే! నెల కూడా అదే నెల.

అప్పుడు ఓ ప్రశ్న పుట్టింది. మనకి 40,000 అని ఎందుకు పెట్టారు, 45 ఎందుకు కాదు? వెతికితే, ఫరక్కా నుంచి హుగ్లీకి నీళ్లు తీసుకెళ్లే ఫీడర్ కాలువ సామర్థ్యమే 40,000 క్యూసెక్కులు. హుగ్లీలో పూడిక కొట్టుకుపోయి కోల్‌కతా రేవు బతకాలంటే అన్ని నీళ్లు కావాలన్నది మన లెక్క. ఫరక్కా 1975లో మొదలైంది. మరుసటేడు మే నెలలోనే బంగ్లాదేశ్ నాయకుడు మౌలానా భాషానీ వేల మందిని వెంటబెట్టుకుని ఫరక్కా వైపు పాదయాత్ర చేశారు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ మే 16న దాన్ని గుర్తు చేసుకుంటారు. మన పుస్తకాల్లో ఫరక్కా ఓ ప్రాజెక్టు పేరు, వాళ్లకి అదో గాయం. మావయ్య మెరకలాంటిదే ఇది కూడా. మన లెక్కలో ఉండదు.

అక్కడి నుంచి నా పద్ధతి మార్చాను. ఏ దేశం గురించి చదివినా రెండు నిలువు గళ్లు. ఎడమ వైపు మన మాట, కుడి వైపు వాళ్ల మాట. కుడి గడి ఖాళీగా ఉంటే ఆ అంశం నాకు రానట్టే లెక్క. మొదటి నెల కుడి గళ్లన్నీ ఖాళీగానే ఉండేవి, సిగ్గేసింది. ఆదివారం ఆదివారం ఢాకా పేపరో, కాఠ్మాండు పేపరో ఆన్‌లైన్‌లో ఓ గంట చదవడం అలవాటు చేసుకున్నాను. కోచింగ్ నోట్సులో దొరకని సరుకు అక్కడ ఉంటుంది. మన గురించి పొరుగువాడు ఇంట్లో కూర్చుని ఏమనుకుంటున్నాడో తెలుస్తుంది.

నేపాల్ సంగతి చూడండి. 2015 సెప్టెంబర్‌లో వాళ్ల కొత్త రాజ్యాంగం వచ్చింది. మన సరిహద్దు పక్కనున్న తెరాయి మైదానంలో అక్కడి మధేశీలు ఆందోళనకి దిగారు, సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో భూకంపం వచ్చిన దేశం అది, ఆ శీతాకాలం గ్యాసు లేదు, పెట్రోలు లేదు. మన మాట: మేం ఆపలేదు, వాళ్ల దేశంలోని ఆందోళన వల్ల లారీలకి భద్రత లేక ఆగాయి. వాళ్ల మాట: భారత్ దిగ్బంధం చేసింది. ఎవరిది నిజమో తేల్చడం పరీక్షలో మన పని కాదు. కానీ దాని తర్వాత ఏం జరిగిందో చూస్తే మనకి జరిగిన నష్టం తెలుస్తుంది. 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. 2020లో మనం మావేననే లిపులేఖ్, కాలాపానీ, లింపియాధురా కలిపి కొత్త మ్యాపు ఆమోదించినప్పుడు వాళ్ల పార్లమెంటులో దాదాపు అన్ని పార్టీలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఆ ఐకమత్యం మనం తెచ్చిపెట్టిందేనని నా అభిప్రాయం. 2019లో మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల పెట్రోలు పైపులైను వేశాం, మంచి పని. కానీ 'రోటీ-బేటీ బంధం' అని రాసి ఆగిపోయే జవాబులకీ, ఈ వరస చెప్పే జవాబుకీ తేడా దిద్దేవాళ్లకి తెలియదా?

భూటాన్ గురించి ఎక్కువ చెప్పను. 1949 ఒప్పందంలో విదేశీ వ్యవహారాల్లో మన సలహా ప్రకారం నడుచుకుంటామన్న మాటని 2007లో తీసేశారన్నది, జలవిద్యుత్తు, 2017లో మూడు దేశాల సరిహద్దులు కలిసేచోట డోక్లామ్‌లో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలబడ్డ 73 రోజులు. ఈ మూడూ చాలు.

2023లో ప్రిలిమ్స్ కూడా దాటలేదు. ఆ ఏడాది సీశాట్ (ప్రిలిమ్స్ రెండో పేపరు) ఎంతమందిని ముంచిందో మీకు తెలుసు, నేనూ ఆ మునిగినవాళ్లలో ఉన్నాను. దాని గురించి ఇక్కడ ఏడవను. కాకపోతే మెయిన్స్ లేని ఆ ఏడాది ఐఆర్‌కి కలిసొచ్చింది. రోజూ పొద్దున్నే తెల్ల కాగితం మీద పెన్సిలుతో దేశం మ్యాపు గీసేదాన్ని. చూడకుండా. మొదట్లో సిలిగురి మెడ, అదే ఈశాన్య రాష్ట్రాలని మిగతా దేశంతో కలిపే సన్నటి దారి, నా చేతిలో ఏనుగు మెడంత వచ్చేది. అసలు అక్కడ ఇరుకైన చోట ఇరవై, ఇరవై రెండు కిలోమీటర్లే. భీమవరం నుంచి నరసాపురం వెళ్లేంత కూడా ఉండదు. ఆ ఇరుకుకి ఒక పక్క నేపాల్, ఒక పక్క బంగ్లాదేశ్, పైన భూటాన్, ఆ పైన చైనా చేతిలోని చుంబీ లోయ. మ్యాపు చేతికి వచ్చాక డోక్లామ్‌లో మనం ఎందుకంత పట్టుబట్టామో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 2015లో బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడి కూడా మ్యాపు గీస్తుంటేనే తలకెక్కింది. 1974లో కుదిరిన ఒప్పందం, నూరో రాజ్యాంగ సవరణతో 41 ఏళ్లకి అమలైంది. మన 111 ముక్కలు వాళ్లకి, వాళ్ల 51 ముక్కలు మనకి. ఆ ముక్కల్లో ఒకటుండేది, దహలా ఖగ్రాబాడీ అని: బంగ్లాదేశ్ లోపల మన నేల, దాని లోపల బంగ్లాదేశ్ నేల, దాని లోపల మళ్లీ మన నేల. మొత్తం ఓ జనపనార చేనంత. ఇలాంటిది పరీక్షలో అడగరు, కానీ సరిహద్దు అంటే ఏంటో ఒక్క దెబ్బకి అర్థమవుతుంది.

చైనాకి రెండు గళ్ల పద్ధతి ఇంకా బాగా పనికొచ్చింది. ఒకే సమావేశం తర్వాత రెండు దేశాలూ వేర్వేరు ప్రకటనలు ఇస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. 2020 తర్వాత మన ప్రకటనల్లో ఎప్పుడూ ఒక మాట ఉంటుంది: సరిహద్దులో శాంతి ఉంటేనే మిగతా సంబంధాలు. వాళ్ల దాంట్లో: సరిహద్దు సమస్యని దాని స్థానంలో దాన్ని ఉంచి, మిగతా సంబంధాలు ముందుకు నడపాలి. 2024 అక్టోబర్ 21న గస్తీ మీద అవగాహన కుదిరిందని మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ చెప్పడం, రెండు రోజులకి కజాన్‌లో మోదీ-షీ కలవడం, ఈ వరసని ఆ రెండు వాక్యాల మధ్య పెట్టి చూస్తే ఎవరు ఎంత దిగారో మీరే రాయగలరు.

గల్వాన్ గురించి మనవాళ్లకి వేరే చెప్పాలా? 2020 జూన్ 15 రాత్రి చనిపోయిన 20 మందిలో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. మాక్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న: "అంత జరిగినా ఒక్క తూటా కూడా ఎందుకు పేలలేదు?" నేను తడబడ్డాను. 1996 ఒప్పందం ప్రకారం ఆ రేఖకి రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. ఆ ఒప్పందానికి తల్లి 1993 నాటిది, ఆ సెప్టెంబర్‌లో పీవీ బీజింగ్ వెళ్లి కుదుర్చుకున్నది. పీవీ పేరు తూర్పు వైపు చూపు విధానం దగ్గర అందరూ రాస్తారు, ఇక్కడ రాసేవాళ్లు తక్కువ. రేఖ ఎక్కడుందో తేలకపోయినా రేఖ దగ్గర ఎలా మసలుకోవాలో ముందు రాసుకుందాం అన్నది ఆ ఒప్పందం వెనకున్న ఆలోచన. గట్టు తగాదా తేలేదాకా ఎవరూ గట్టు మీద పార వేయకూడదని పెద్దమనుషులు చెప్తారే, అలా. ఇరవై ఏడేళ్లు అది నిలబడింది.

పాకిస్తాన్ పేజీని మాత్రం నాకు నేర్పింది నా రూమ్మేట్. తనది శ్రీకాకుళం జిల్లా తీరం. అక్కడివాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేట చేస్తారు. 2018 నవంబర్‌లో పాకిస్తాన్ పట్టుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో వాళ్ల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లున్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టారు. నా నోట్సులో '2008 కాన్సులర్ ఒప్పందం: ప్రతి జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి' అని ఉన్న లైను చూసి తను అంది, "ఈ లైను కోసం మా ఊళ్లో ఆడాళ్లు పద్నాలుగు నెలలు ఎదురు చూశారే." ఎంత పగల్లో ఉన్నా ఆ జాబితాలు ఆగలేదు. జనవరి 1న అణు స్థావరాల జాబితా కూడా అంతే, 1992 నుంచి ఏటా. 'సంబంధాలు తెగిపోయాయి' అని రాసే ముందు తెగనివి ఏంటో కూడా చూసుకోవాలని తన వల్లే తెలిసింది.

2024 మెయిన్స్‌లో మాల్దీవుల ప్రశ్న పదిహేను మార్కులకొచ్చింది. ప్రపంచ వాణిజ్యం, ఇంధన రవాణా దృష్ట్యా ప్రాముఖ్యం, సముద్ర భద్రత. ఈసారి అక్కడి కుట్రని మన సైన్యం అణచిన 1988 ఆపరేషన్ కాక్టస్‌తో మొదలుపెట్టలేదు. చిన్న మ్యాపు గీసి, నౌకలు పోయే దారి చూపించి, సూటిగా మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు దగ్గరికొచ్చాను. 'ఇండియా అవుట్' అని గెలిచిన మనిషి, 2024 మేలో మన సైనికుల్ని పంపించేసిన మనిషి, అదే ఏడాది 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి సాయం మన దగ్గర ఎందుకు తీసుకోవాల్సి వచ్చింది? నిజానికి ఆ సాయం ఖరారైంది పరీక్షయ్యాక అక్టోబర్‌లో, అప్పటికి రాయగలిగింది మన సైనికుల స్థానంలో సాంకేతిక సిబ్బందిని ఉండనిచ్చాడన్నదే. అయినా జవాబు నిలబడింది. ఆ పేపర్లో 109 వచ్చాయి.

ఇంటర్వ్యూలో బోర్డు సభ్యులొకరు నా దరఖాస్తులో ఊరి పేరు చూసి నీళ్ల మీదకి దిగారు. "రెండు తెలుగు రాష్ట్రాలే కృష్ణా నీళ్లు పంచుకోలేకపోతున్నాయి, మీరు బంగ్లాదేశ్‌తో తీస్తా నది నీళ్లు పంచుకోమంటున్నారా?" అన్నారు. ఒక్క క్షణం గొంతు ఎండిపోయింది. తర్వాత చెప్పాను: రాష్ట్రాల మధ్య తగువైతే ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. దేశాల మధ్య తీర్పు చెప్పి అమలు చేయించేవాడు లేడు, ఒప్పుకుంటేనే నీళ్లు. 1996లో గంగ ఒప్పందం కుదిరిందంటే అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ముందు నుంచీ చర్చల్లో ఉన్నారు. 2011లో తీస్తా మీద సంతకం ఆగిపోయిందంటే మమతా బెనర్జీ ప్రధాని వెంట ఢాకా వెళ్లనన్నారు. ఉత్తర బెంగాల్ గజోల్‌డోబా కింద రైతుకి ఎండాకాలం నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ముందు చెప్పకుండా ఢిల్లీలో సంతకం పెడితే నడవదు. ఆయన "మరి మీరైతే ఏం చేస్తారు?" అన్నారు. "ముందు సిలిగురి వెళ్తాను సార్, తర్వాత ఢాకా" అన్నాను. నవ్వారో లేదో గుర్తులేదు, నా చేతులు వణుకుతున్నాయి.

ఫైనల్ రిజల్టు 2025 ఏప్రిల్ 22న వచ్చింది. పీడీఎఫ్ మూడుసార్లు పైనుంచి కిందికి వెతికాను. లేదు. రూమ్‌లో తలుపేసుకుని పడుకున్నాను. సాయంత్రం రూమ్మేట్ తలుపు కొట్టి ఫోన్ చూపించింది, పహల్గామ్. 26 మంది. లిస్టులో పేరు లేదని ఏడ్చినందుకు నాకే ఏదోలా అనిపించింది. మర్నాటికి నా నోట్సులో సింధు జలాల పేజీ పాతబడిపోయింది. మూడు యుద్ధాల్లోనూ ఆగని 1960 నాటి ఒప్పందాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించారు. అట్టారి మూసేశారు. అప్పటి నుంచి స్పైరల్ బుక్కు మానేసి విడి కాగితాల మీద, పైన తేదీ వేసి రాస్తున్నాను. మీరూ అలాగే రాసుకోండి. ఇంకో మాట, టెస్ట్ సిరీస్ జవాబుల్లో చాలామంది 'భారత్ నీళ్లు ఆపేసింది' అని రాశారు. ఒప్పందం పక్కన పెట్టడం వేరు, నీళ్లు ఆపడం వేరు. సింధు, జీలం, చీనాబ్ నీళ్లు నిలవ చేయడానికి మనకి అంత పెద్ద రిజర్వాయర్లు అక్కడ లేవు. అప్పటికి ఆగింది సమాచారం, సమావేశాలు. శివారు రైతు బిడ్డని కదా, తూము మూయడం వేరు, ఎప్పుడు తీస్తారో చెప్పకపోవడం వేరు అని నాకు తెలుసు. రెండోది కూడా తక్కువ బాధేం కాదు.

పెద్ద దేశాల గురించి తక్కువ రాశానని మీరు అడగొచ్చు. అమెరికా, రష్యాలని నేను విడివిడిగా చదవడం మానేశాను. 1971 ఆగస్టు 9న సోవియట్‌తో ఒప్పందం, డిసెంబర్‌లో బంగాళాఖాతానికి అమెరికా ఏడో నౌకాదళం, ఇవి ఒకే కథ. 2008లో అమెరికాతో అణు ఒప్పందం, 2018లో రష్యా ఎస్-400 క్షిపణి రక్షణ వ్యవస్థ కొనుగోలు, ఇవీ ఒకే కథ. 2010-14లో మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం, 2020-24కి 36 శాతం. అదే కాలంలో మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు నుంచి 2024కి మూడో వంతు దాటింది. ఒక చేత్తో వదులుతూ ఇంకో చేత్తో పట్టుకున్నాం. 'వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి' అన్న మాట రాసే ముందు ఈ నాలుగు అంకెలూ రాస్తే, ఆ మాట రాయకపోయినా ఫర్వాలేదు.

2025 ఆగస్టు 23న జీఎస్-2 రాశాను. ఇంధన భద్రత మీద, మధ్యప్రాచ్యం మీద అడిగారు, బాగానే రాశాననుకుంటున్నాను. ఆప్షనల్ ఇంకా వారం ఉంది. 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది, అందులో సగం రష్యా చమురు కొన్నందుకు. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. (రొయ్యల్లో కౌంటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది.)

"ఏమ్మా, పరీక్ష బాగా రాశావా?"

"రాశాను నాన్నా. ఇంకా ఆప్షనల్ పేపర్లున్నాయి."

"మరైతే నాకొకటి చెప్పు. మనం చమురు కొన్నది రష్యా దగ్గర. సుంకం వేసింది అమెరికా. మన వంద కౌంటు రొయ్య పోయేది ఎక్కువగా చైనాకి. మరి ఈ కొనేవాడు వంద కౌంటుకి రేటెందుకు కోసేశాడు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై, నలభై కౌంటు అమెరికాకి పోయేది కదా నాన్నా, ఈక్వెడార్ మీద సుంకం పదిహేను శాతమే, కాబట్టి అక్కడి కొనుగోలుదారులు వాళ్ల వైపు తిరుగుతారు, మన ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీల్లో సరుకు ఉండిపోతుంది, ప్లాంటు వాడు కొనడం తగ్గిస్తే...

"అంటే వంద కౌంటు వాడు సాకు చూసుకున్నాడంటావు."

"కొంత సాకు, కొంత నిజం."

"ఎంత సాకు, ఎంత నిజం?"

ఇది పది మార్కులా, పదిహేనా అని నవ్వాను. ఆయనకి అర్థం కాలేదు. ఇంకో ఐదు నిమిషాలు నేనే మాట్లాడాను, మధ్యలో ఎక్కడో ఏరియేటరు మోత వినిపిస్తోంది. "సరేలే, నువ్వు చదువుకో. రేపు తెల్లారుజామున చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది" అని ఫోన్ పెట్టేశారు.